రాయిని చూసి రాసుకున్న వారం

దీవికి ప్రయాణం అనగానే చాలామంది ముందు హోటలు వెతుకుతారు. నేను ముందు ఆ దీవిలో కొండ ఎక్కడుందో, గాలి ఎటునుంచి కొడుతుందో చూస్తాను. ఆ రెండూ తెలిస్తే ఏ ఒడ్డున దిగాలో, ఏ పూట ఎటు తిరగాలో సగం తేలిపోతుంది. అగ్నిపర్వతం పుట్టించిన దీవి అయితే ఈ మాట మరీ నిజం. వాన పడే చోటు, ఎండ కాసే చోటు, అల విరిగే చోటు, అన్నీ ఆ కొండ చెప్పినట్టే నడుస్తాయి.

ప్రయాణాన్ని ముందుగా కాగితం మీద పెట్టడం నాకు చాలా ఇష్టమైన పని. ఇంట్లో ఎవరు ఎటు వెళ్లాలన్నా నోటుపుస్తకం నా దగ్గరకే వస్తుంది. ఈసారి అందులో ఉన్నది మారిషస్. మా ఆయనా నేనూ, ఇద్దరమే, ఒక వారం. ఫ్యాక్టరీకి చెరకు తోలడం అయిపోయి, తొలకరి పనులు ఇంకా మొదలవని మే నెలాఖరు మా రైతు ఇళ్లలో దొరికే కాస్త తీరిక. ఆ దీవికి కూడా అది మంచి కాలమే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వేసవి, ఉక్క, తుపాన్ల భయం. మే నుంచి చలికాలం దిగుతుంది. చలికాలమంటే వణుకు కాదు, తీరంలో పగలు మనకు సంక్రాంతి రోజుల్లో ఉండే హాయి.

‘విశాఖలో సముద్రం లేదా, అంత దూరం ఎందుకమ్మా?’ అని మా వీధిలో అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మన తీరంలో అల నేరుగా ఒడ్డుకొచ్చి కొడుతుంది, వెనక్కి పోతూ మనిషిని లాక్కుపోతుంది. రేవుపోలవరమైనా, పూడిమడకైనా, నేను మోకాళ్లు దాటి నీళ్లలోకి దిగింది లేదు. మారిషస్ చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బ ఉంది. లోతు సముద్రంలోంచి లేచిన ఆ అగ్నిపర్వతం అంచుల మీద, నీళ్ల లోతు తక్కువైన చోట పగడం కట్టుకుంది. అల దిబ్బ దగ్గరే విరిగిపోతుంది. దిబ్బకీ ఒడ్డుకీ మధ్య నీరు నిలకడగా, నడుము లోతులో, అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. నాలాంటి ఆడదానికి సముద్రంలో భుజాల దాకా మునిగే ధైర్యం అలాంటి చోటే వస్తుంది. అందుకే వెళ్తున్నాను. దక్షిణాన గ్రి గ్రి అనే చోట మాత్రం దిబ్బ తెగిపోయింది. అక్కడ కెరటాలు నల్లరాతి కొండచరియల మీద నేరుగా పడతాయి. చూడటానికే తప్ప దిగడానికి కాదు. ఇదీ పుస్తకంలో రాసుకున్నాను.

ఆ నల్లరాయి మనకు కొత్తది కాదు. గోదావరి వైపు గౌరీపట్నం క్వారీల నుంచి వచ్చే నల్లకంకర మీద మనం రోజూ తిరుగుతున్నాం. అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట ఉబికిన దక్కను లావా. పశ్చిమ కనుమల వైపునుంచి గోదావరి ఒడ్డు దాకా పారి అక్కడ గడ్డకట్టిందని భూగర్భ శాస్త్రవేత్తలు అంటారు. భూమి లోపల నిప్పు ఊట దాదాపు ఒకేచోట ఉంటే, దాని మీదుగా ముందు భారత ఫలకం, తర్వాత ఆఫ్రికా ఫలకం జరిగాయి. ఆ దారిలోనే లక్షదీవులు, మాల్దీవుల అడుగున ఉన్న రాయి, తర్వాత ఓ 80 లక్షల ఏళ్ల కిందట మారిషస్, చివరికి రీయూనియన్ పుట్టాయి. రీయూనియన్‌లో ఆ మంట ఇప్పటికీ బతికే ఉంది. అక్కడి పితోన్ ద లా ఫూర్నేజ్ తరచూ లావా కక్కుతుంది. మారిషస్‌ది చల్లారిన కొండ. గోదావరి ఒడ్డు రాయీ, ఆ దీవి రాయీ ఒకే పొయ్యిలోంచి వచ్చాయని తెలిశాక నాకు ఆ ప్రయాణం పరాయిదిగా అనిపించడం మానేసింది.

సరే, ప్రణాళిక. దీవి నిడివి 65 కిలోమీటర్లు, వెడల్పు 45. మధ్యలో ఎత్తయిన పీఠభూమి, చుట్టూ పాత అగ్నిపర్వతం గోడల తాలూకు రంపపు పళ్లలాంటి కొండలు. అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం 828 మీటర్లు. ఆగ్నేయం నుంచి ఏడాది పొడుగునా గాలి వీస్తుంది, చలికాలంలో ఇంకా గట్టిగా. ఆ గాలి తూర్పు ఒడ్డును తాకి, కొండెక్కి, పీఠభూమి మీద వాన కురిసి, పొడిబారి పడమటికి దిగుతుంది. అందుకే పడమటి ఒడ్డు కన్నా మధ్యలో నాలుగింతల వాన. తూర్పున హోటళ్లు ఎంత అందంగా ఉన్నా ఆ నెలల్లో గాలి ఎక్కువ. నేను పడమటి ఒడ్డున ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ దగ్గర నాలుగు రాత్రులు, ఉత్తరాన త్రూ ఓ బిష్ దగ్గర మిగతావీ రాశాను. మూడో హోటలు ఒద్దనుకున్నాను. పెట్టె సర్దడంలోనే సగం పూట పోతుంది, అందులో మొగుడూ పెళ్లాలకు మాటామాటా వచ్చేదీ ఆ పూటే.

వారం అంటాం గానీ చేతికొచ్చేది ఐదు రోజులే. విశాఖ నుంచి ముంబయి, అక్కడినుంచి ఆరు గంటల పైన విమానం. రానూ పోనూ రెండు రోజులు తినేస్తాయి. పైగా మే చివర అక్కడ పొద్దు ఆరు కాకముందే గూకుతుంది. రోజుకు ఒక్క పెద్ద చోటు, అదీ పొద్దున్నే, మధ్యాహ్నం తర్వాత నీళ్లు, నిద్ర, మాటలు. ఇదే నా లెక్క. మామూలు ప్యాకేజీల్లో ఒక రోజు ఉత్తరం, ఒక రోజు దక్షిణం, ఒక రోజు తూర్పున ఇల్ ఓ సెర్ఫ్ లంక అని పొద్దుట్నుంచి రాత్రిదాకా బస్సులోనే తిప్పుతారు. ముప్పై ఏళ్లు పొలమూ పిల్లలూ అంటూ ఒకరి మొహం ఒకరు తీరిగ్గా చూసుకోని ఇద్దరికి అలా తిరగడం సెలవు కాదు. ఇల్ ఓ సెర్ఫ్ కొట్టేశాను. ఏం పోదు.

ఇద్దరి ప్రయాణంలో కొండకీ గాలికీ మించి తూచాల్సింది ఇద్దరి కోరికలు. నా కోరిక నీళ్లు. మా ఆయన్ని అడిగితే, ‘అక్కడ చెరకు ఎలగుందో చూడాల’ అన్నారు. ఆయనకు సముద్రం మీద పెద్ద మోజు లేదు. అందుకని ఒక రోజు నాది, ఒక రోజు ఆయనది అని గీత గీశాను. ఎవరి రోజున వాళ్ల మాటే చెల్లాలి, రెండోవాళ్లు గొణగకుండా రావాలి. నా రోజుల్లో దిబ్బ దగ్గరి నీళ్లు, షమారెల్ రంగుల మట్టి ఉన్నాయి. షమారెల్‌లో ఆ నల్లరాయి, అంటే బసాల్టు, చివికి మట్టయి, అందులో ఇనుముకు ఎరుపూ, అల్యూమినియానికి నీలి, ఊదా ఛాయలూ తేలాయి. అక్కడినుంచి దిగితే ల మోర్న్ కొండ. పారిపోయిన బానిసలు తలదాచుకున్న ఆ కొండకు 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఆయన రోజులు రాయడానికి కూర్చున్నప్పుడే నా పుస్తకం బరువెక్కింది. ఆ దీవిలో చెరకు చేల మధ్య నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. కొన్ని మెట్లు మెట్లుగా పేర్చినట్టు ఉంటాయి. ఫొటోల్లో చూసి ఏదో పాత కట్టడం అనుకుంటాం. కాదు. లావా చల్లారిన నేల కాబట్టి ఆ మట్టి నిండా రాళ్లే. చెరకు వెయ్యాలంటే రాళ్లు ఏరాలి. యంత్రాలు రాకముందు బానిసలూ, వాళ్ల తర్వాత కూలీలూ చేతుల్తో ఏరి, మోసి, చేను మధ్యలో గుట్ట పోశారు. ఆ కూలీల్లో మనవాళ్లున్నారు.

1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. దానికి ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడలో ఒప్పందపు కూలీల మొదటి జట్టు దిగింది, 36 మంది. ఆపై 1920 దాకా దాదాపు 5 లక్షల మంది భారతీయులు అక్కడ దిగారు. మన వైపు నందన కరువు 1832–33లో ఊళ్లను ఊళ్లే తుడిచిపెట్టిన రోజులవి. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి కోరంగి వంటి రేవుల్లో ఓడెక్కినవాళ్లున్నారు. అక్కడి తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరే పడిపోయింది. పోర్ట్ లూయీలో వాళ్లను దింపి, లెక్క రాసి, తోటలకు పంపిన చోటు ఆప్రవాసీ ఘాట్. నల్లరాతి మెట్లు, గదుల గోడల కొంత భాగం మిగిలాయి. 2006లో అదీ యునెస్కో జాబితాలో చేరింది. ఆదివారం దాని ప్రదర్శనశాల మూసి ఉంటుంది గనక మా పోర్ట్ లూయీ రోజును మంగళవారానికి మార్చాను.

మోకా అనే ఊళ్లో 1970లో పెట్టిన మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ వలస రికార్డులు భద్రంగా ఉన్నాయి. ఓడ, ఊరు, తండ్రి పేరు, కొందరివి ఫొటోలతో సహా. అక్కడే తెలుగు శాఖ కూడా ఉంది. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే. నన్ను అన్నిటికన్నా కదిలించింది వేరు. అక్కడి తెలుగు కుటుంబాలు ఇప్పటికీ సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తాయి, అమ్మోరి పండగ చేస్తాయి. తెలుగు మాట నోట్లోంచి జారి క్రియోల్ వచ్చి చేరినా, మనం చందనోత్సవానికి కొండెక్కి చూసే ఆ దేవుణ్ణి వాళ్లు వదల్లేదు. నతాషా అప్పనా అనే ఫ్రెంచి నవలా రచయిత్రి ఆ దీవి బిడ్డే, ఆమె ఇంటిపేరులోనూ ఆ అప్పన్నే ఉన్నాడు. 2003లో వచ్చిన ఆమె మొదటి నవల ఈ కూలీల మీదే.

ఇంత చరిత్ర ఉన్న నేల మీదికి చోడవరం నుంచి ఒక చెరకు రైతు దంపతులు వెళ్లి, ఇసుకలో ఫొటోలు దిగి వచ్చేస్తే దానికి నా మనసు ఒప్పదు. హనీమూన్‌కు వెళ్లే కుర్రకారుకు కూడా ఇదే చెబుతాను. వారంలో ఒక్క పూట ఆప్రవాసీ ఘాట్ మెట్ల దగ్గరికి వెళ్లండి. మీ సంతోషం ఏమీ తగ్గదు.

మిగతావి చిన్న విషయాలు. మనకు వీసా ముందుగా అక్కర్లేదు, దిగాక ముద్ర వేస్తారు. తిరుగు టికెట్టు, బస కాగితం, ఖర్చుకు డబ్బున్నట్టు ఆధారం చేతిలో ఉండాలి. 2024 ఫిబ్రవరి 12 నుంచి మన యూపీఐ అక్కడా చెల్లుతోంది, అయినా పల్లెల్లో నోట్లు ఉంచుకోవడం మంచిది. బళ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. బీచ్‌లు జనం అందరివీ, హోటలు ముందున్నా నడవొచ్చు. తిండికి బెంగ లేదు. వీధి బండి మీద పప్పు కూరిన ధోల్ పూరీ, మన మసాలా వడకు చుట్టమైన గాతో పిమాన్ దొరుకుతాయి. క్యూర్పిప్‌లో త్రూ ఓ సెర్ఫ్ అగ్నిబిలం అంచుకు వెళ్లే రోజున స్వెట్టరూ గొడుగూ ఉండాలి. ఆ ఊరు పీఠభూమి మీద ఉంది, తుంపర తెగదు. గంగా తలావ్ కూడా అలాంటి బిలంలో నిలిచిన నీళ్లే. శివరాత్రికి లక్షల మంది నడిచి వస్తారు. మేము వెళ్లే నెలలో ఖాళీగా ఉంటుంది, దణ్ణం పెట్టుకుని రావొచ్చు.

ఒక చిక్కు మాత్రం కాగితం మీద చాన్నాళ్లు తెగలేదు. అక్కడ చెరకు నరికేది జూన్ నుంచి ఏడాది చివరిదాకా. మే నెలాఖరుకు ఏ ఫ్యాక్టరీలోనూ గానుగ మొదలవదు. గానుగ ఆడటం చూడాలంటే జూలైకి జరపాలి. జూలైలో ఇక్కడ ఆకుమడులు, అక్కడ గాలి, నీళ్లు చల్లన. ‘మిల్లు చూడకపోయినా పర్లేదు, నువ్వు నీళ్లలో దిగాల గదా’ అని ఆయనే తేల్చేశారు. ఆ మాటకు బదులుగా పాంప్లెమూస్ దగ్గర బో ప్లాన్‌లో, మూతపడిన పాత చక్కెర మిల్లులో పెట్టిన మ్యూజియానికి ఒక పూటంతా ఇచ్చాను. ఇంకో పొద్దున్న ఏ పేరూ రాయకుండా ఖాళీగా వదిలాను. ఆ నెలలో చెరకు అక్కడ వెండి రంగు పువ్వు వేసి నిలబడి ఉంటుంది. దారిలో నచ్చిన చేను దగ్గర ఆగడం ఆయన ఇష్టం.

నిన్న చూస్తే ఆ ఖాళీ పేజీలో ఆయన చేతి రాత ఉంది. సాళ్ల మధ్య దూరమెంత? ఒకసారి వేసిన మొక్క మీద కార్శి ఎన్నేళ్లు తీస్తారు, ఆరేడేళ్లన్నది నిజమేనా? మన అనకాపల్లి 87ఏ298 లాంటి రకం వాళ్ల దగ్గరుందా? రాళ్ల గుట్టల చుట్టూ దున్నడమెలా? కింద నేనూ ఒకటి కలిపాను: ఆ గుట్ట ఎవరు పోశారో వాళ్ల ఇంట్లో ఎవరికైనా తెలుసా?