రుమాలు: మాట ఒకటే, క్రియలు వేరు

తెలంగాణ కథ చదువుతుంటే ‘నెత్తికి రుమాలు చుట్టిండు’ అనే వాక్యం ఎదురైందనుకోండి. మీరేం ఊహిస్తారు? పట్టణంలో పెరిగినవారికి జేబులో మడిచిపెట్టుకునే చేతిగుడ్డ మెదులుతుంది. ఆర్మూరు వైపు విద్యార్థికి ఆ ఇబ్బంది ఉండదు. అక్కడి పల్లెల్లో రుమాలంటే తలకు చుట్టే పొడవాటి గుడ్డ. ఉర్దూ ద్వారా వచ్చిన ఈ పారశీక పదంలో ‘రూ’ అంటే ముఖం, ‘మాల్’ అంటే తుడిచేది. ముఖం తుడిచే గుడ్డ ఇక్కడ నెత్తికెక్కింది.

‘రుమాలు అనగా తలపాగా’ అని రాసుకుంటే పరీక్షకు సరిపోవచ్చు, విమర్శకు చాలదు. తలపాగా అనగానే పెళ్లి, సన్మానం, దర్జా గుర్తొస్తాయి. రుమాలుకు ఆ మర్యాదతో పాటు పని కూడా ఉంది. ఎండకు చుట్టుకుంటారు, చెమట తుడుచుకుంటారు, బరువు మోసేటప్పుడు చుట్టబట్ట చేసుకుంటారు, సద్ది మూట కడతారు.

అసలు మెలిక నామవాచకంలో కాదు, క్రియలో ఉంది. రుమాలు చుట్టుకున్నవాడు పనికో పెళ్లికో బయలుదేరాడు. దొర ముందు రుమాలు తీసి చంకన పెట్టుకున్నవాడు లొంగి నిలబడ్డాడు. ఇక ‘నెత్తిన గుడ్డ వేసుకున్నాడు’ అంటే దివాలా తీశాడని. పసుపు దాదాపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి మార్కెట్టుకు తెచ్చాక ధర పడిపోతే ఈ జాతీయం వట్టి అలంకారంగా మిగలదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులే. గుడ్డ వేసుకోవలసిన రైతు అక్కడ రుమాలు చుట్టుకొని నామినేషన్ వేశాడని ఒక కథకుడు రాస్తే, ఆ ఒక్క క్రియలోనే కథ ఉన్నట్టు.

ఆడవారి దగ్గరికి వచ్చేసరికి మన విమర్శ తడబడుతుంది. పసుపు దుమ్ములో పనిచేసే కూలీ తలకూ ముక్కుకూ గుడ్డ కట్టుకుంటుంది. దాన్ని ‘ముసుగు’ అని రాస్తే సిగ్గు, చాటు, దాపరికం వచ్చి చేరతాయి (‘స్నేహం ముసుగులో’ అన్న వాడుక చూడండి). ఆమె దాచుకునేదేమీ లేదు. దుమ్ము పీల్చకుండా చూసుకుంటున్నది, అంతే. మగవాడి గుడ్డలో శ్రమను చూసిన పాఠకుడు ఆమె గుడ్డలో అణకువను మాత్రమే చూస్తే అది చదవడంలోని లోపం.

అభ్యాసం: మీ పాఠ్యపుస్తకంలోని ఏదైనా ఒక తెలంగాణ కథ తీసుకొని, తలమీది గుడ్డ ప్రస్తావన ఉన్నచోట క్రియ కింద గీత గీయండి. గుడ్డ ఎవరిది, ఎవరి ఎదుట అన్నది పక్కన రాయండి.