కార్పెట్ కింది బండ

జహీరాబాద్ వైపు మామూలు ఇళ్లలో కార్పెట్ అంటే ఏలూరు తివాచీ కాదు, వరంగల్ జంపుఖానా అంతకన్నా కాదు. చుట్టగా అమ్మే ప్లాస్టిక్ షీటు. పైన చెక్క చారలో, పాలరాతి మరకలో అచ్చువేసి ఉంటాయి. గది కొలతకు కోయించి బండల మీద పరిస్తే ఒక్క పూటలో ఇల్లు మారినట్టు కనిపిస్తుంది. కొన్నేళ్లకు మంచం కోళ్ల కింద చిరుగుతుంది, అంచులు లేస్తాయి, వానాకాలంలో ముక్కిన వాసన మొదలవుతుంది. తప్పు పూర్తిగా షీటుది కాదు. పాత ఇళ్లలో బండల కింద చాలాచోట్ల మట్టి, సున్నం పరుపే. నేల చెమ్మ సందుల్లోంచి పైకొచ్చి గాలికి ఆరిపోయేది. ప్లాస్టిక్ దానికి మూత పెట్టింది.

షీటు తీసేశాక టైల్స్ దుకాణానికి వెళ్లేముందు కిందున్న నేలను చూడాలి. అది తాండూరు బండో, షాబాదు బండో అయి ఉండే అవకాశం ఎక్కువ. తాండూరు వికారాబాద్ జిల్లాలో, షాబాదు కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉన్నాయి. రెండుచోట్లా దొరికేది పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయే. అందుకే పలకలుగా విడివస్తుంది. దగ్గర్లో దొరకడం వల్ల చవక, చవక కావడం వల్ల చులకన. అంతకుమించి ఈ రాయి చేసిన నేరం లేదు.

గదిని కొన్నాళ్లు ఆరబెట్టి, సుత్తి పిడితో ఒక్కో బండనూ తట్టాలి. గట్టిగా టక్కుమంటే కింద పరుపు బాగున్నట్టు. డొల్ల శబ్దం వస్తే ఆ బండ కింద ఖాళీ ఉంది. దాన్ని లేపి సిమెంటు, ఇసుక వేసి మళ్లీ కూర్చోబెట్టాలి. గదిలో అయిదారు బండలే అలా ఉంటే పాలిష్‌తో సరిపోతుంది. అన్నిటికన్నా తక్కువ ఖర్చు ఇదే. పాత గమ్ము గీకేసి, సందులు నింపి, గట్టిపడ్డాక మిషన్ పెడతారు. ముందు గరుకు రాయి, తరవాత నున్నవి. నీళ్లు పోస్తూ తిప్పుతుంటే రుబ్బిన పిండిలా బూడిదరంగు మడ్డి లేస్తుంది, గోడల అడుగున చిమ్ముతుంది. అది కడిగేశాక అసలు రంగు బయటపడుతుంది. మూలలకు చేతి మిషన్ కావాలి. ఆ పని కూడా ముందు మాట్లాడుకున్న కూలిలో కలిసిందో లేదో మేస్త్రిని అడగడం మంచిది.

టైల్సే కావాలంటే, బండలు కదలకుండా, చెమ్మ లేకుండా ఉన్నచోట వాటిపైనే గాట్లు పెట్టి, టైల్ గమ్ముతో అతికించవచ్చు. నేల దాదాపు 15 మిల్లీమీటర్లు లేస్తుంది. తలుపుల అడుగు కోయించాలి, గడప ఎత్తు చూసుకోవాలి. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న గదికి 2 అడుగుల చదరపు టైల్స్ 30 పడతాయి. కోతలకు, పగుళ్లకు ఇంకో 3 కలుపుకోవాలి. ఒకటి రెండు మిగిలితే దాచుకోవాలి, అదే రంగు మళ్లీ దొరకదు.

బండలన్నీ పెళ్లగించడం చివరి మాట. ఒకటిన్నర అంగుళాల రాయి, రెండు అంగుళాల పరుపు లెక్కన అదే గదిలోంచి 35 ఘనపుటడుగుల చెత్త, అంటే ఇంచుమించు రెండు టన్నులు బయటికి మోయాలి. బండలు సగానికి పైగా డొల్లగా ఉంటేనో, నేల కుంగితేనో తప్ప ఆ ఖర్చు దండగ.

పాలిష్ చేసిన బండను ఉత్త నీళ్లతో తుడిస్తే చాలు. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే వెంటనే తుడవాలి. బాత్రూం యాసిడ్ మాత్రం ఆ గది గడప దాటనివ్వొద్దు. సున్నపురాయిని అది నురగలు కక్కిస్తూ తినేస్తుంది.