నోటిలో కనిపించే నలుపు

అనేక వ్యాధులున్న రోగిని పరీక్షించేటప్పుడు వైద్యుడి ఆలోచన సహజంగానే తెలిసిన జబ్బుల వెంట పోతుంది. షుగరు ఉన్న మనిషి నీరసపడితే షుగరే కారణమని, క్షయకు మందులు వాడుతున్న మనిషి చిక్కిపోతే క్షయే కారణమని అనుకోవడం సబబే గాని, ఆ అనుకోవడంతో తృప్తిపడి, నోరు తెరిపించి టార్చి వేసి చూడడం మానేయడం విచారకరం. బుగ్గల లోపలి పొరమీద, పళ్లు ఒరుసుకునే చోట, సిరా మరకల వంటి నీలినలుపు మచ్చలు కొత్తగా కనిపిస్తే, వేర్వేరు జబ్బుల ఖాతాలో వేసిన బాధలకు మూలం ఒకే వ్యాధి కావచ్చు.

మూత్రపిండాల పైభాగాన ఉండే అడ్రినల్ గ్రంథులు దెబ్బతినడం వల్ల కలిగే ఈ వ్యాధిని 1855లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ వర్ణించాడు. ఆయన పేరే దానికి స్థిరపడింది. ఆ గ్రంథులు స్రవించే కార్టిసాల్ తగ్గినప్పుడు, మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి వాటిచేత పనిచేయించడానికి ఏసీటీహెచ్ అనే హార్మోనును అధికంగా వదులుతుంది. చర్మానికి రంగునిచ్చే కణాలను కూడా అది ప్రేరేపించడం వల్ల ఎండ సోకని నోటిలోనూ నలుపు చేరుతుంది. అడిసన్ చూసిన రోగుల్లో పలువురి గ్రంథులను పాడుచేసింది క్షయే. భారతదేశంలో నేటికీ అది ముఖ్య కారణాలలో ఒకటి.

చామనఛాయ, నల్లని ఛాయ గల తెలుగువారిలో చాలామందికి చిగుళ్లు సహజంగానే నల్లగా ఉంటాయి కనుక, చిగుళ్లను మాత్రమే చూసి తేల్చడం కుదరదు. అరచేతి గీతలు, వేళ్ల కణుపులు పరిశీలించాలి; పాత గాయపు మచ్చ మామూలు రంగులోనే ఉండి, జబ్బు మొదలయ్యాక మానిన గాయపు మచ్చ నల్లబడితే అది బలమైన ఆధారం. ఎండకు నల్లబడ్డాడని ఇంటివారు సరిపెట్టుకున్న మార్పు ఆధార్ కార్డు ఫొటో పక్కన పెట్టి చూస్తే బయటపడవచ్చు.

జబ్బులు ఒకదానితో ఒకటి పెనవేసుకునేది ఇక్కడే. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ కార్టిసాల్‌ను కాలేయం త్వరగా విరిచేసేలా చేయడం వల్ల, అంతంతమాత్రంగా నెట్టుకొస్తున్న గ్రంథులున్న రోగి మందు మొదలుపెట్టాక కుప్పకూలవచ్చు. కార్టిసాల్ తగ్గడం వల్ల, ఇన్సులిన్ మోతాదు పెంచకపోయినా షుగరు తరచూ పడిపోతుంటే, అదుపులోకి వచ్చిందని ఇంటివారు పొరబడి సంతోషించవచ్చు. ఉదయం 8 గంటల ప్రాంతంలో తీసిన రక్తంలో కార్టిసాల్ కొలవడం నిర్ధారణకు తొలి మెట్టు. అయితే రక్తపోటు పడిపోయి రోగి సొమ్మసిల్లుతున్నప్పుడు, రక్తం తీసి పంపి, ఫలితం కోసం ఎదురుచూడకుండా హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సెలైన్ వెంటనే మొదలుపెట్టాలి.