పూర్వకథ ఎవరి నోట వినబడుతుంది? – ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’లో తండ్రీకొడుకుల సంఘర్షణ

సాహస ప్రధానమైన యానిమేషన్ ధారావాహికలలో దారితప్పిన పాత్రకు ఒక పూర్వకథను సమకూర్చడం ఇప్పుడు దాదాపు నియమమైపోయింది. ఆ పూర్వకథలో తరచుగా ఒక తండ్రి ఉంటాడు. మొదటినుంచీ ఇలా లేదు. 1964లో వచ్చిన హానా-బార్బెరా వారి ‘జానీ క్వెస్ట్’లో శాస్త్రవేత్త అయిన తండ్రి, కొడుకు కలిసి దేశదేశాలు తిరుగుతారు. వారి మధ్య పొరపొచ్చాలు లేవు. కనబడని తల్లికి కథా లేదు. మూడు దశాబ్దాల తరువాత జపాన్‌లో వచ్చిన ‘నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్’ (1995–96)లో, చిన్ననాడే వదిలేసిన కొడుకును తన అవసరం కొద్దీ పిలిపించుకునే తండ్రి కథకు ఇరుసుగా మారాడు. అప్పటినుంచి ఈ రకమైన కథలలో తండ్రి గాయపరిచేవాడు, కొడుకు గాయాన్ని మోసేవాడు అనే సూత్రం స్థిరపడుతూ వచ్చింది.

ఈ సూత్రంలో విమర్శకులు పట్టించుకోవలసిన చిక్కు ఒకటుంది. పూర్వకథ వినగానే ప్రేక్షకుడి తీర్పు సడలుతుంది. ‘తండ్రి అలాంటివాడు, అందుకే కొడుకు ఇలా అయ్యాడు’ అనే మాట కారణం చెబుతున్నదా, మన్నింపును కోరుతున్నదా? రెండింటికీ మధ్య గీత గీయలేని రచన తన పాత్రను అర్థం చేసుకోలేదు, కేవలం వెనకేసుకొచ్చిందనాలి. అమెరికాలో నికెలోడియన్ ఛానల్ 2005 నుంచి 2008 వరకు మూడు సంపుటాలుగా, 61 భాగాలలో ప్రసారం చేసిన ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ ఈ గీతను గీయగలిగింది. పూర్వకథలో ఏముందన్న దానికన్న అది ఎవరి నోట, ఎవరి ఎదుట వినబడుతుందన్న దాని మీదే ఆ గీత ఆధారపడిందని నా వాదన.

ఒక యానిమేషన్ ధారావాహికను తెలుగు విమర్శ ఎందుకు చేపట్టాలనే ప్రశ్న సహజం. పూర్వకథను నడిపే పద్ధతుల గురించి ఆలోచించడానికి మనకు అరువు పరికరాలు అక్కరలేదన్నది ఒక సమాధానం. కథాక్రమాన్ని ముందువెనుకలు చేసి, పసిబిడ్డ మధురలాలస నోట పూర్వజన్మ వృత్తాంతం పలికించిన పింగళి సూరనను చదువుకున్నవారికి, కథ చెప్పేవారెవరనేది కథలో భాగమేనని వేరే చెప్పనవసరం లేదు.

మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయన్ కొనియెట్జ్‌కో సృష్టించిన ఈ కథలో అగ్నిరాజ్యం తక్కిన లోకంపై వందేళ్లుగా యుద్ధం చేస్తుంటుంది. ఆ రాజ్యాధిపతి ఓజాయ్ కుమారుడు జూకో. అతడి ముఖంపై ఎడమకంటి చుట్టూ కాలిన మచ్చ ఉంటుంది. పంచభూతాలలో నాలుగింటిని వశం చేసుకోగల అవతార్‌ను బంధించి తెస్తేనే తిరిగి ఇంటికి రానిస్తానని తండ్రి అతడిని దేశం నుంచి వెళ్లగొట్టాడు. కథ మొదలయ్యేసరికి జూకో పదహారేళ్ల కోపిష్ఠి. కథానాయకుడు ఆంగ్‌ను ఓడమీద తరుముతూ ఉంటాడు. పన్నెండో భాగం ‘ది స్టార్మ్’ దాకా ఆ మచ్చ ఎలా వచ్చిందో ప్రేక్షకుడికి తెలియదు. ఓడలోని వారికీ తెలియదు. సాధనలో జరిగిన ప్రమాదమని వారి ఊహ.

ఈ భాగం నిర్మాణాన్ని నిదానంగా చూడాలి. తుఫాను రాబోతున్నదని తెలిసినా జూకో ఓడను మళ్లించనివ్వడు. అవతార్‌ను పట్టుకోవడం ముందు సిబ్బంది క్షేమం లెక్కలోకి రాదంటాడు. సైనికాధికారి ఎదురు తిరుగుతాడు. ఆ రాత్రి జూకో పెదనాన్న ఐరో సిబ్బందిని కూర్చోబెట్టి అసలు సంగతి చెబుతాడు. మూడేళ్ల కిందట, పదమూడేళ్ల జూకో పెదనాన్నను బతిమాలి యుద్ధసభలోకి వెళ్లాడు. అక్కడ ఒక సేనాని కొత్తగా చేరిన సైనికుల దళాన్ని శత్రువుకు ఎరగా వేయాలని ప్రతిపాదించాడు. తమను నమ్మి వచ్చినవారిని అలా బలిపెట్టడం తగదని బాలుడు నోరు విప్పాడు. అది ధిక్కారంగా పరిగణింపబడి ద్వంద్వయుద్ధానికి దారితీసింది. ఆ యుద్ధానికి వారి పేరు ‘అగ్ని కై’. మొదటి మాట మనదే. తాను తలపడేది సేనానితో అనుకున్నాడు జూకో. తిరిగి చూస్తే ఎదురుగా తండ్రి. ఆ సభ రాజుది, కనుక అవమానం కూడా రాజుదే. కొడుకు మోకరిల్లి, పోరాడనని చెప్పి, క్షమించమని వేడుకున్నాడు. తండ్రి నిండుసభలో అతడి ముఖం కాల్చాడు.

ఈ కథ జూకో చెప్పలేదు. చెప్పేవేళ అక్కడ లేడు కూడా. జాలి కోసం తన గాయాన్ని ప్రదర్శించే అవకాశం పాత్రకు ఇవ్వకుండా రచయితలు ఇక్కడే జాగ్రత్తపడ్డారు. కథ చెప్పిన ఐరో నిర్దోషి అయిన సాక్షి కాడు, సభలోకి తీసుకువెళ్లినవాడతడే. ముఖం కాలే క్షణంలో తాను చూపు తిప్పుకున్నానని తానే ఒప్పుకుంటాడు. ఇక శ్రోతలు ఎవరు? కాసేపటి కిందట తమ ప్రాణాలకు విలువ లేదని జూకో నోటినుంచే విన్న నావికులు. ఒకనాడు ముక్కూమొహం తెలియని సైనికుల ప్రాణాల కోసం నోరు విప్పినవాడు, ఆ నోరు విప్పినందుకు పొందిన శిక్ష వల్ల, ఈనాడు తన ఓడలోని మనుషుల ప్రాణాలను తృణప్రాయంగా చూస్తున్నాడు. కారణం దొరికింది. మన్నింపు మాత్రం దొరకలేదు, ఎందుకంటే అపరాధానికి గురైనవారే ఇక్కడ శ్రోతలు. తుఫానులో చిక్కుకున్నాక అవతార్ కళ్లముందే తప్పించుకుపోతుంటే జూకో అతడిని పోనిచ్చి, ఓడను కాపాడమంటాడు. తన కథ సిబ్బంది విన్నదని అతడికి తెలియదు. పూర్వకథకు రుజువుగా ఒక క్రియ నిలిచింది. జూకో గురించి మన తీర్పు మారవలసి వస్తే ఆ క్రియను బట్టి మారాలి.

2024లో నెట్‌ఫ్లిక్స్ నటులతో తీసిన రూపాంతరంలో ఆ ఎరగా వేయదలచిన దళమే జూకో ఓడ సిబ్బంది అయింది. ఈ మార్పు ఉద్వేగాన్ని పెంచింది, అర్థాన్ని తగ్గించింది. తమ ప్రాణదాత అని తెలిసి సిబ్బంది కృతజ్ఞులవుతారు. ఫలితంగా పూర్వకథ రుణపత్రంగా మారిపోయింది. మూలంలో వారు జూకోకు ఏమీ బాకీ లేరు.

ఐరోను ‘పెదనాన్న’ అన్నాను. మూలభాషలో అతడు కేవలం ‘అంకుల్’. ఆ మాటలో మేనమామ, బాబాయి, పెదనాన్న, పక్కింటాయన అందరూ ఇమిడిపోతారు. ఓజాయ్ ఐరోకు తమ్ముడు గనుక తెలుగులో మనం మరో మాట వాడలేము; వాడిన మాటలోనే నాన్న ఉన్నాడు. ధారావాహిక మూడో సంపుటం దాకా నడిచి చేరుకున్న సత్యాన్ని మన బంధువాచకం మొదటి పిలుపులోనే బయటపెట్టేస్తుంది. సింహాసనం తమ్ముడికి దక్కిన అన్న అనగానే మనకు ధృతరాష్ట్రుడు తలపుకు రాక తప్పదు. కాని అక్కడ కన్నకొడుకుపై మోహం తమ్ముడి బిడ్డలను కనబడనివ్వలేదు. ఇక్కడ బా సింగ్ సే ముట్టడిలో కన్నకొడుకు లూ టెన్‌ను పోగొట్టుకున్నవాడు తమ్ముడి బిడ్డను చూడడం నేర్చుకున్నాడు.

రెండో కథనం రెండో సంపుటంలోని ‘జూకో అలోన్’లో ఉంది. జూకో ఒంటరిగా భూరాజ్యపు పల్లెలో తిరుగుతుంటాడు. జ్ఞాపకాలు వస్తాయి, వినేవారు లేరు. లూ టెన్ మరణవార్త రాగానే ఓజాయ్ తన తండ్రి వద్దకు వెళ్లి అన్న వారసత్వం తనకిమ్మంటాడు. ఆగ్రహించిన వృద్ధరాజు, పెద్దకొడుకును పోగొట్టుకోవడమంటే ఏమిటో నీకూ తెలియాలంటాడు. ఆ రాత్రి తల్లి ఉర్సా నిద్రలో ఉన్న జూకోను లేపి వీడ్కోలు చెప్పి మాయమవుతుంది. తెల్లవారేసరికి వృద్ధరాజు లేడు, ఓజాయ్ రాజు. వర్తమానంలో జూకో ఆ పల్లెలోని ఒక బాలుడిని దౌర్జన్యపరులైన సైనికుల నుంచి కాపాడతాడు. అందుకోసం నిప్పును వాడవలసి వచ్చి, తన పేరు ప్రకటిస్తాడు. ఉర్సాకు, అగ్నిరాజ్యాధిపతి ఓజాయ్‌కు కుమారుడనని తల్లిపేరు ముందు చెబుతాడు. ఊరు ఊరంతా అసహ్యంతో చూస్తుంది; కాపాడబడిన బాలుడు కూడా. అతడి పూర్వకథ ఆ ఊరివారికి అక్కరలేదు. అతడి రాజ్యం చేసిన యుద్ధమే వారి పూర్వకథ. ఈ ఎదురుదెబ్బను రచయితలు మెత్తబరచకపోవడం మెచ్చదగినది.

మూడో సంపుటం తొలి భాగంలో జూకో కోరుకున్నదంతా దక్కుతుంది. తండ్రి ఎదుట మోకరిల్లగా, నిన్ను చూసి గర్విస్తున్నానన్న మాట వింటాడు. అప్పటిదాకా నీడలోనో, మంటల వెనుకో ఉంచిన ఓజాయ్ ముఖాన్ని మనకు స్పష్టంగా చూపేది ఈ సందర్భంలోనే. కొడుకు ముఖాన్ని కాల్చినప్పుడు కనబడని ముఖం కొడుకును మెచ్చుకున్నప్పుడు కనబడింది. పైగా ఆ మెప్పుకు కారణం అబద్ధం. అవతార్‌ను చంపిన ఘనతను చెల్లెలు అజూలా అన్నకు అంటగట్టింది.

సూర్యగ్రహణం నాటి భాగంలో జూకో తండ్రి ఎదుటకు వెళ్లి నిలబడతాడు. గ్రహణవేళ అగ్నివిద్య పనిచేయదు గనుక తండ్రి వినక తప్పని కొద్ది నిమిషాలవి. కథ చెప్పేవాడు తొలిసారిగా కొడుకే, వినేవాడు గాయపరచినవాడే. పదమూడేళ్ల పిల్లవాడితో ద్వంద్వయుద్ధం చేయడాన్ని ఎలా సమర్థించుకుంటావని అడుగుతాడు. మర్యాద నేర్పడానికని తండ్రి జవాబు. అది క్రూరమనీ, తప్పనీ కొడుకు అంటాడు. ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక ప్రత్యేకమైన సౌలభ్యం ఉంది. సంస్కృతంలో ‘శిక్ష’ అంటే విద్య; తెలుగులో అది దండనగా మారింది; ‘శిక్షణ’లో పాత అర్థం మిగిలింది. ఓజాయ్ క్రౌర్యమంతా ఈ రెండు అర్థాల అతుకుమీద నిలబడి ఉంది. జూకో ఆ అతుకును విడదీశాడు. జరిగినది మారలేదు, దాని పేరు మారింది. ఆ తరువాత అతడు తనకు నిజమైన తండ్రి ఐరోయేనని చెబుతాడు. గ్రహణం విడవగానే ఓజాయ్ ప్రయోగించిన మెరుపును ఐరో నేర్పిన విద్యతోనే మళ్లించి బయటపడతాడు.

అయినా మన్నింపు ప్రశ్న ఇంకా మిగిలింది. తండ్రి చేసిన గాయం తెలిసినంతమాత్రాన, ఐరోకు తాను చేసిన ద్రోహం జూకోకు తేలికపడలేదు. చివరి భాగాలలో పెదనాన్న గుడారంలో రాత్రంతా కూర్చుని, ఆయన మేలుకోగానే క్షమాపణ చెప్పడం మొదలుపెడతాడు. ఆ మాటలలో తండ్రి ప్రసక్తి లేదు. ఐరో అతడిని మాట పూర్తిచేయనివ్వకుండా కౌగిలించుకుంటాడు. పూర్వకథ సాకుగా వాడబడలేదనడానికి ఈ దృశ్యం కన్న మంచి ఆధారం నాకు కనబడలేదు.

పోతన భాగవతం సప్తమస్కంధంలోని ప్రహ్లాదచరిత్రతో పోల్చినప్పుడు మరొక భేదం బయటపడుతుంది. తండ్రి ఆజ్ఞను కొడుకు సభలో కాదనడం, తండ్రి హింసించడం రెండింటిలోనూ ఉన్నాయి. కాని ప్రహ్లాదుడికి సందేహం లేదు. తల్లి గర్భంలో ఉండగానే నారదుడి ఉపదేశం విన్నవాడు. జూకోకు ఉన్నదంతా సందేహమే. ముఖ్యమైన భేదం తండ్రివైపు ఉంది. హిరణ్యకశిపుడికి పూర్వకథ ఉంది. వైకుంఠ ద్వారపాలకుడు సనకాదుల శాపంతో అసురుడయ్యాడన్న వృత్తాంతం తండ్రి క్రౌర్యాన్ని కూడా ఒక పెద్ద కథలో చేర్చుకుంటుంది. తండ్రి పవిత్రుడు కావాలని కొడుకే నరసింహుడిని వేడుకోగలిగాడు. ఓజాయ్‌కు అటువంటిది లేదు. అతడి తండ్రి, తాత కథలోకి వచ్చినా, అతడు ఎందుకు ఇలా ఉన్నాడో చెప్పడానికి రాలేదు. దీన్ని లోపమనేవారు ఉండవచ్చు. ఈ ధారావాహిక ప్రధాన రచయిత ఆరన్ ఇహాజ్ మరొకరితో కలిసి తరువాత సృష్టించిన ‘ది డ్రాగన్ ప్రిన్స్’లో విరెన్ అనే తండ్రికి విస్తారమైన పూర్వకథ ఉంది, వ్యాధిగ్రస్తుడైన పసి కొడుకును క్షుద్రవిద్యతో బతికించుకోవడం అతడి పతనానికి మూలమవుతుంది. అది లోతైన చిత్రణే. కాని అక్కడ కొడుకు సోరెన్ బాధ తండ్రి విషాదం వెనుక కొంత మరుగున పడింది. ఓజాయ్‌ను వివరించకపోవడం వల్లనే జూకో వాక్యం ఎవరి అనుమతీ లేకుండా నిలబడగలిగింది.

నాకు అసంతృప్తి కలిగించేది మరొక చోట ఉంది. అజూలా అదే తండ్రి పెంపకం. ఆమె బాల్యం మనకు ప్రధానంగా అన్న జ్ఞాపకాలలో, అన్న భయాల గుండా మాత్రమే కనబడుతుంది. ‘ది బీచ్’ అనే భాగంలో తల్లి తనను రాక్షసిగా భావించిందని ఒక్కమాట అని, వెంటనే దాన్ని తేలిక చేసేస్తుంది. గాయం పొందిన కొడుక్కి మూడు కథనాలు దక్కాయి. ముద్దుచేసి పాడుచేసిన కూతురికి ఒక్క శ్రోత దక్కలేదు. ముగింపులో ఆమె అద్దంలో తల్లిని చూసి మాట్లాడుతుంది. ప్రేమిస్తున్నానని ప్రతిబింబం అనగానే అద్దం పగలగొడుతుంది. జీన్ లూయన్ యాంగ్ రచించిన కొనసాగింపు చిత్రకథ ‘ది సర్చ్’ (2013)లో ఉర్సా రాసిన ఒక పాత ఉత్తరం అజూలా చేతిలో ఉంటుంది. జూకో ఓజాయ్ కొడుకు కాడని అందులో ఉంది. నిజమైతే సమస్యంతా మంచులా కరిగిపోయేది; మన జనరంజక కథలకు అలవాటైన ఉపాయమే అది. ఓజాయ్ తన ఉత్తరాలను దొంగచాటుగా చదువుతున్నాడేమో తెలుసుకోవడానికి ఉర్సా కావాలని రాసిన అబద్ధమది అని తేలుతుంది. జూకో ఓజాయ్ కొడుకుగానే మిగిలాడు. ధారావాహిక చివర చెరసాలలో ఉన్న తండ్రి వద్దకు రాజుగా వెళ్లిన జూకో క్షమాపణ అడగలేదు, క్షమించలేదు. అమ్మ ఎక్కడ అని మాత్రం అడిగాడు. అదే తల్లికి కూతురైన అజూలా ఆ ప్రశ్నను ఎవరిని అడగాలో కథ చెప్పలేదు.