మరణం వేసిన మచ్చ, మనిషి చేసిన గాయం

శవంపై కనిపించే ఊదారంగు మచ్చలను చూసి, కొట్టి చంపారన్న నిర్ణయానికి బంధువులు తొందరపడి రావడం సహజమే గాని, చట్టానికి అవసరమైన వైద్య సాక్ష్యాన్ని నిగ్గుతేల్చే న్యాయవైద్యం మొదట నిలువరించవలసింది ఆ తొందరనే. గుండె ఆగిన తరువాత రక్తం తన బరువుతో దేహపు కింది భాగాలకు దిగి, అక్కడి సన్నని నాళాలలో నిలిచిపోవడం వల్ల ఏర్పడే ఆ మచ్చలను శవనీలిమ అంటారు. అనుమానం ఉన్నచోట చర్మాన్ని కోసి చూస్తే, శవనీలిమలోని రక్తం నాళాలలోనే ఉంటుంది గనుక నీటితో కడిగితే పోతుంది. కమిలిన దెబ్బలో అది కణజాలంలోకి ఇంకి ఉంటుంది గనుక కడిగినా పోదు. ఒక నిర్దోషి స్వేచ్ఛ ఇంత చిన్న కోతపై ఆధారపడే సందర్భాలు ఉన్నప్పుడు, దానిని లాంఛనంగా ముగించడం క్షమించరానిది.

ఈ నీలిమ సుమారు 6 నుంచి 12 గంటలలో స్థిరపడుతుంది. ఆ తరువాత బోర్లా పడి ఉన్న శవానికి వీపున మచ్చలు కనిపిస్తే, దానిని ఎవరో కదిలించారని అర్థం.

కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే రసాయనం తరిగిపోవడంతో వాటి తంతువులు ఒకదానినొకటి విడవలేక బిగుసుకోవడమే శవకాఠిన్యం. అది రెప్పలలో, దవడలో ముందుగా తెలిసి క్రమంగా కాళ్ల దాకా వ్యాపిస్తుంది. మరణించి ఎంతసేపైందో దీనిని బట్టి అంచనా వేసేందుకు చలిదేశాలలో కుదిరిన గంటల లెక్క రోహిణి కార్తె ఎండలకు సరిపోదు. వేడిలో బిగువు త్వరగా వచ్చి త్వరగానే సడలుతుంది. ఇక్కడి వైద్య విద్యార్థులు ఇక్కడి రచయితలైన మోదీ, నారాయణ రెడ్డి గార్ల న్యాయవైద్య పాఠ్యగ్రంథాలను ఆశ్రయించడంలోని ఔచిత్యం అదే.

కుళ్లడం మొదలైనప్పుడు, పెద్దపేగు తొలిభాగం చర్మానికి దగ్గరగా ఉన్నందున, పొత్తికడుపు కుడివైపున పచ్చని మరక కనిపిస్తుంది. ఆపై లోపల పుట్టే వాయువుల ఒత్తిడికి ముఖం ఉబ్బి, నాలుక బయటికి వచ్చి, ముక్కు నుంచి ఎర్రని ద్రవం కారుతుంటే, గొంతు నులిమారన్న అనుమానం అనుభవం లేనివారికి తప్పక కలుగుతుంది.

ఇన్ని మార్పులూ ఉష్ణోగ్రత, దుస్తులు, దేహపుష్టి వంటివాటిని బట్టి మారుతాయి గనుక, మరణ సమయాన్ని ఒక గంటగా కాక ఒక వ్యవధిగా చెప్పే వైద్యుడే నమ్మదగిన సాక్షి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ ప్రకారం పోలీసులు పంచనామా చేసి పంపిన తరువాతే సాధారణంగా శవం వైద్యుని ముందుకు వస్తుంది. అప్పటికే బిగిసిన కీళ్లు మోతలో సడలి, మార్చురీ చలిలో దేహపు ఉష్ణోగ్రత ఇచ్చే ఆనవాలు చెరిగిపోవచ్చు. అనుమానాస్పద మరణాలలోనైనా వైద్యుడిని శవం పడి ఉన్న చోటికే పిలిపించే పద్ధతి రావాలి.