తోక చూపించండి

ఈ వారం చిరాకు తెప్పించింది ఓ వాట్సాప్ ఫొటో. జూబిలీ పార్కులో తీసిందట. గోధుమరంగు చిన్న పిట్ట, తెల్లటి గొంతు, ముఖం మనవైపు. ‘పేరేంటి?’ అని అడిగారో లేదో, యాప్ చెప్పిందంటూ జవాబు వచ్చేసింది: రెడ్‌బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్. తోక కనపడని ఫొటోకి ఆ పేరెలా పెడతారండీ?

చలికాలంలో మన జంషెడ్‌పూర్ చెట్లలోకి వచ్చే ఈ పది గ్రాముల పిట్టల్లో రెండో రకం ఉంది, టైగా ఫ్లైక్యాచర్. పాత పుస్తకాల్లో రెండూ ఒకే జాతి. మొదటిది తూర్పు యూరప్, పశ్చిమ సైబీరియాల్లో గూడు కడుతుంది. టైగా అక్కణ్నుంచి కమ్చాట్కా దాకా. మన తూర్పు వైపు టైగాదే జోరు. రెండూ తోక పైకి విదిలిస్తాయి, తోక మొదట్లో ఇరుపక్కలా తెల్లమచ్చలు మెరుస్తాయి. తోకని ఆనుకుని పైవైపు, నడుము కింద ఉండే ఈకలు తోకకన్నా నల్లగా ఉంటే టైగా. కింది ముక్కు మొదలు లేతగా ఉంటే రెడ్‌బ్రెస్టెడ్. ఎర్రగొంతు కోసం వెతక్కండి, టైగా మగపిట్టకి చలికాలంలో అది మామూలుగా ఉండదు.

కళ్లకన్నా చెవి ముందని ఈ కాలమ్‌లో విసుగొచ్చేలా రాశాను. అది నాకు నేర్పింది కదమాలో ఉండే బాబాయిగారు. శ్రీకాకుళం నుంచి వచ్చి రోలింగ్ మిల్లులో మెకానిక్‌గా రిటైరయ్యారు. మా నీళ్ల మోటారు మొరాయిస్తే పొడవాటి స్క్రూడ్రైవర్ కొన బేరింగ్ దగ్గర ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కి, కళ్లు మూసుకునేవారు. “గ్రీజు అయిపోతంది బావూ” అనేవారు. విప్పి చూస్తే అంతే. డిమ్నా దగ్గర సాలచెట్ల కిందా అదే విద్య. టైగా పిలుపు ‘ట్ర్‌ర్‌ర్’ అని ఎండుగా, గబగబా సాగుతుంది. రెడ్‌బ్రెస్టెడ్ టకటకలు కాస్త విడివిడిగా వినిపిస్తాయి.

ఆ మిల్లు హోరే ఆయన చెవుల్లోంచి సన్నటి శబ్దాలని తినేసింది. గ్రీనిష్ వార్బ్లర్ నెత్తిమీదే కూసినా ఇప్పుడు వినపడదు. అందుకని మనవరాలి ఫోన్లో పిట్టకూతలు గుర్తుపట్టే మెర్లిన్ యాప్ తెరిచి, తెరమీద కదిలే గీతల్లో కూతని చదువుతారు. కింద యాప్ చూపించే పేరుని మాత్రం బొటనవేలితో కప్పేస్తారు. తాను తేల్చుకున్నాకే వేలు తీస్తారు.

యాప్‌ని దులిపేద్దామనే కూర్చున్నాను. ఆయన వాడే తీరు చూశాక వాడమనే అంటున్నాను. ఏప్రిల్ దాటితే ఈ పిట్టలు ఇక్కడ ఉండవు. ఈలోగా ఫొటో పంపేవాళ్లు వెనకనుంచి ఒకటి తీయండి, కూత కాస్త రికార్డు చేయండి. రెండూ కుదరకపోతే ‘ఫ్లైక్యాచర్’ అని రాసి ఊరుకోండి.