వాగు తొట్టి

ఈ వారం ఒక దుకాణంలో చూసింది ఇంకా మనసును కెలుకుతోంది. కొండవాగు రాళ్లను కరుచుకుని బతికే చేప, రెక్కలు విసనకర్రలా పరిచి, కదలని వెచ్చటి నీళ్లలో అద్దానికి అతుక్కుని ఉంది. పక్కనే ప్లాస్టిక్ కోట. ఆ కోటలంటే నాకు ఎప్పుడూ మంటే. ఈసారి మాత్రం నీళ్లను చూసే బాధేసింది.

ఇంట్లో వాగు కట్టడం బ్రహ్మవిద్యేం కాదు. పొడుగాటి తొట్టి, ఒక కొసన పవర్‌హెడ్ పంపు, రెండో కొసన స్పాంజి, రెంటినీ కలుపుతూ గులకరాళ్ల కింద పీవీసీ గొట్టం. నీరు పైన ఒకేవైపు పారి, కిందనుంచి తిరిగొస్తుంది. ప్రతి రాయి మీదా వెనిగర్ చుక్క వేసి చూడండి. నురగ వస్తే సున్నపురాయి, వద్దు. మిగతావి డాబా మీద బకెట్ నీళ్లలో ఎండకు పెట్టి పాచి పట్టనివ్వాలి. ఆ పాచే తిండి. తళతళలాడే కొత్త తొట్టిలో ఈ చేపలు చిక్కి శల్యమవుతాయి.

రాళ్లు పేర్చడం మాత్రం నాకు మారేడుమిల్లి వాగే నేర్పింది. మోకాలి లోతులో నిలబడి ఒక బండ వెనక చెయ్యి పెట్టాను. ముందువైపు వేళ్లను తోసేసిన నీరు, వెనక జానెడు మేర దాదాపు నిలిచే ఉంది. ఆ మాటున వేలెడంత గర్రా చేపలు, కింది పెదవి వెనకున్న బిళ్లతో రాతిని అదుముకుని పాచి గీక్కుంటున్నాయి. ఉన్నట్టుండి ఒకటి ఉరవడిలోకి దూసుకెళ్లి ఎదుటి రాయిని పట్టేసింది. పంపును పూర్తిగా తిప్పేస్తే వాగైపోతుందనుకునేవాళ్లు ఆ జానెడు మాటు చూడాలి.

మన కొండల చేపే మన తొట్టిలో ఉండాలని ఏళ్లుగా వాదిస్తున్నాను. కానీ వాగు చేపకు ఆక్సిజన్ దండిగా కావాలి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 30 డిగ్రీలకు ఏడున్నరే. బెజవాడ మే నెలలో ఫ్యాన్ పెట్టినా తగ్గేది రెండు మూడు డిగ్రీలు. కరెంటు పోతే ప్రవాహమూ ఆగుతుంది. పైగా మిస్ కేరళను చూడండి. 1865లో చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే మద్రాసు గవర్నర్ డెనిసన్ పేరు పెట్టిన ఆ పడమటి కనుమల చేపను అలంకరణ కోసం పట్టీ పట్టీ, అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చాం.

అందుకే ఇప్పుడు చెబుతున్నాను: మైదానంలో ఉన్నవాళ్లు వాగు నుంచి పట్టి తెచ్చిన చేపను కొనకండి. వాగు కట్టండి, అందులో హేచరీలో పుట్టిన జెయింట్ డేనియోలను గుంపుగా వదలండి. అవీ మన దేశపు వాగుల చేపలే, వేడిని కాస్త ఓర్చుకుంటాయి, పొద్దంతా ఎదురీదుతాయి. తొట్టికి మూత తప్పనిసరి, ఎగిరి దూకుతాయి.